ఇరవై అడుగుల ఎడం

కారోవే ఊళ్లో పాత పేటంటే కమీలియా వీధే. పొద్దున్నే అందరూ వరండాలు ఊడ్చుకుంటారు, కాఫీ తాగుతారు, ఎవరిల్లు ఎటు జరిగిందో ఓసారి చూసుకుంటారు. మనిషి మనసు ఎటు లాగితే ఆ వీధిలో ఇల్లూ అటే జరుగుతుంది, ఏడాదికి బెత్తెడో జానెడో. పోస్ట్‌మ్యాన్‌కి అలవాటే. నీళ్ల గొట్టాలు వేసేవాళ్లు కాస్త పొడుగు వదిలి మరీ వేస్తారు.

బడిలో వంట చేసి రిటైరైన ఓజెల్లా టార్వర్‌కి మాత్రం ఇదో పెద్ద గుబులు. పక్కిల్లు లూషియస్ బోగన్‌ది. పాతికేళ్ల కిందటే భార్య పోయినవాడు, ఊరందరికీ క్షవరం చేసి చేసి ఈమధ్యే కత్తెర పక్కన పెట్టాడు. ఆవిడ వరండాలో కూర్చుని బీన్స్ ఒలుస్తుంటే అతను తన వరండాలోంచి కబుర్లు చెబుతాడు. అతను నవ్వినప్పుడల్లా ఏదో కిర్రుమంటుంది. కదిలేది తన ఇల్లేనని ఆవిడకి ఒకటే సిగ్గు. ఆ చప్పుడు మొదటిసారి విన్న రోజే గోడకి రెండు వరసల ఇటుకలు అడ్డం పెట్టింది. అయినా ఇరవై అడుగుల ఎడం రెండడుగులకి వచ్చేసింది. ఇటుకలు చాల్లేదనుకుంది పాపం.

ఆ వేసవిలో పాత ఇళ్ల సంఘం నుంచి మిస్ ప్రెంటిస్ అనే అమ్మాయి టేపు పట్టుకొచ్చింది. కట్టిన చోటే ఉన్న ఇంటికే సంఘంవారి ఇత్తడి పలక. పలక ఉన్న ఇంటికే వాళ్లు కప్పు వేయించి ఇస్తారు. ఓజెల్లా కప్పు ఏడుచోట్ల కారుతోంది. పలక పోతే ఇల్లొదిలి అట్లాంటాలో మేనకోడలి పంచన చేరడమే.

"దాచడమెందుకు తల్లీ, జరిగింది నా ఇల్లే," అంది ఓజెల్లా. "తప్పు నాదే."

"ఇటుకలు అడ్డం పెట్టినదానివి, నీ తప్పేంటి?" అన్నాడు లూషియస్.

"నువ్వు నోర్మూసుకో. నీ కబుర్ల వల్లే ఇదంతా!"

మిస్ ప్రెంటిస్ పాత పటం విప్పి, చర్చి మూల నుంచి కొలిచింది. నమ్మకం చాలక మళ్లీ కొలిచింది.

"మిస్ ఓజెల్లా, మీ ఇల్లు అంగుళం కూడా కదల్లేదండీ. మీ ఇటుకలు దాన్ని బాగానే పట్టి ఉంచాయి. మిస్టర్ బోగన్ ఇల్లే పద్దెనిమిది అడుగులు వచ్చింది."

ఓజెల్లా పక్క వరండాకేసి తిరిగింది. "ఎప్పట్నుంచి?"

"నీ మొక్కజొన్న రొట్టె తిన్నప్పట్నుంచి. ఇరవైమూడేళ్లు."

"ఇన్నేళ్లూ నన్ను సిగ్గుతో చావనిచ్చావా?"

"నీ ఇల్లే వస్తోందని నువ్వు అనుకుంటున్నావుగా," అన్నాడు లూషియస్ నేల చూపులు చూస్తూ. "అది తలుచుకుంటే సంతోషంగా ఉండేది."



"మీ పలక తీసెయ్యాలి సార్," అంది మిస్ ప్రెంటిస్ నొచ్చుకుంటూ.

"తీసుకెళ్లమ్మా. పలక లేని ఇంటికి రంపం పెట్టాలంటే మీ అనుమతి అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

మధ్యాహ్నం భోజనాలవేళకి లూషియస్ తన వరండా రెయిలింగ్ కోసేసి, రెండిళ్ల మధ్యా చెక్కలు పరిచాడు. ఓజెల్లా రెయిలింగ్‌కి మాత్రం సంఘం నియమాలున్నాయి, రంపం తగలకూడదు. డెబ్భై ఏళ్ల మోకాళ్లతో దాన్ని ఎక్కి దాటలేక అతను ఆయాసపడుతుంటే ఓజెల్లా చెయ్యి అందించింది.

"పద్దెనిమిది అడుగులొచ్చినవాడివి, ఈ రెండడుగులకే అలిసిపోయావా?"

"అంతదూరం ఇల్లు తెచ్చింది. ఈ రెండూ నేను రావాలిగా."

అక్టోబరులో ఓజెల్లా ఇంటికి కొత్త కప్పు వేశారు. అప్పటికి దాని కింద ఇద్దరు ఉంటున్నారు.