అత్తయ్యగారూ, తేదీ మరిచారు

బస్సు డిపోలో, టిక్కెట్ల గదిని ఆనుకుని, ఇనుప ఊచలు బిగించిన ఒక చిన్న కిటికీ ఉన్నది. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన వస్తువులన్నీ చివరికి ఆ కిటికీ వెనక్కే చేరుతాయి. గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, చేతికర్రలు, ఒంటి చెప్పులు, ఒకటి రెండు సార్లు కట్టుడు పళ్ళు సైతం అక్కడి అరలలో కొలువు తీరి, తమ యజమానులకు మతి తిరిగి వచ్చే ఘడియ కోసం తపస్సు చేస్తుంటాయి. ఆ కొలువుకు అధిష్ఠాన దేవత మన కథలోని అత్తగారు.

పోయిందనుకున్న వస్తువు చేతికి అందినప్పుడు మనిషి ముఖంలో కలిగే వికాసమంటే ఆవిడకు ప్రాణం. ఆ వికాసాన్ని చూడటానికి ఊచల మధ్య చోటు చాలు. కనుకనే ఆ కుర్చీని ఆవిడ ఏ సింహాసనానికీ తీసిపోనిదిగా భావించేది.

అటువంటి కుర్చీకి కంప్యూటర్ రూపంలో గండం వచ్చింది. ఇకమీదట దొరికిన ప్రతి వస్తువునూ తెర మీది ఫారంలో నమోదు చేయవలెనని డిపో సూపరింటెండెంటు ఉత్తరువు వేశాడు.

"శుక్రవారం నేను వచ్చి పక్కన నిలబడి చూస్తానమ్మా. మీకు చేతనైందా, కిటికీ మీదే. కాలేదా, ఇంకొకరిని కూర్చోబెడతాను. మీరు వెనక గోదాములోకి వెళ్ళండి. అక్కడ ఫారాలూ ఉండవు, జనమూ ఉండరు," అన్నాడు.

ఈ ఉపద్రవంలోని చమత్కారమేమిటంటే, ఆ ఫారం తయారుచేసే పని దక్కిన కంపెనీలో, దానిని స్వహస్తాలతో రచించినవాడు సాక్షాత్తూ ఆవిడ అల్లుడే. పై అంతస్తులో అల్లుడూ కూతురూ, కింద అత్తగారూ కాపురం. రాత్రి భోజనం మాత్రం అందరికీ ఒకే బల్ల మీద. అయినా అల్లుడితో ముఖాముఖి మాట్లాడటం మర్యాద కాదని ఆవిడా, అత్తగారికి తానుగా బదులు చెప్పటం మర్యాద కాదని అతడూ పట్టుదలగా ఉండటం వల్ల, వారి సంభాషణ యావత్తూ మధ్యలో కూర్చున్న అమ్మాయి గుండా సాగేది.

ఆ సోమవారం సాయంత్రం కంచాల ముందు కూర్చోగానే అత్తగారు మొదలుపెట్టింది.

"అమ్మాయీ, ఆ పెట్టె నలుగురిలో గంట కొట్టి మరీ 'తప్పు' అని నా మీద ఎర్రగా ఉరుముతోంది. అలా ఉరమమని దానికి నేర్పిన పెద్దమనిషి ఎవరో కనుక్కో."

"ఏమండీ, అమ్మ అడుగుతోంది."

"విన్నానని చెప్పు. తప్పును తప్పనక ఇంకేమంటుందో కనుక్కో."

"అమ్మా…"

"నాకూ చెవులున్నాయి. కడుపున పుట్టిన పిల్లనే నలుగురిలో ఒక్క మాట అని ఎరగనని చెప్పు."

"అది మాత్రం శుద్ధ అబద్ధం," అన్నది అమ్మాయి, తన సొంత ఖాతాలో. "అయినా మీ ఇద్దరి మధ్యా నన్ను పోస్టుమాన్ని చేశారు. జీతమైనా ఇవ్వండి, బదిలీ అయినా చేయండి."

న్యాయంగా చూస్తే ఆ ఫారంలో లోపాలు లేకపోలేదు. అల్లుడు నిఘంటుకర్తకు ఉండవలసినంత శ్రద్ధతో లోకంలోని వస్తువులన్నిటినీ సేకరించి, అకారాది క్రమంలో పేర్చి, ఒక పొడుగాటి లిస్టు అమర్చాడు. గొడుగు దానిలో గొడుగుగా లేదు. 'వర్షరక్షణ సాధనము' అనే బిరుదు ధరించి ఎక్కడో అడుగున దాగి ఉన్నది. చెప్పులు జతగా దొరికితేనే ఫారం ఒప్పుకుంటుంది. ఒంటి చెప్పు దొరికితే గంట మోగుతుంది. అన్నిటికంటె గొప్ప విశేషం, సొంతదారు ఫోను నంబరు వేయనిదే నమోదు ముందుకు కదలదు.

"సొంతదారు ఎవరో తెలిస్తే వస్తువు ఇక్కడికి ఎందుకొస్తుంది?" అని అత్తగారు తెరను నిలదీసింది. తెర మళ్ళీ గంట కొట్టింది.

మంగళవారం నాటికి ఆవిడ గంట మోగకుండా ఉండే రాజమార్గం ఒకటి కనిపెట్టింది. ఏ వస్తువు దొరికినా లిస్టులో అన్నిటికంటె పైనున్న పేరును నొక్కటం. ఎవరిదో తెలియని ఫోను నంబరుకు బదులు తనకు బాగా తెలిసిన నంబరు, అనగా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉన్న అల్లుడి నంబరు వేయటం. ఇంకేముంది! ఫారం నోరు మూసుకున్నది. వరుసలో జనం చకచకా కదిలారు.

లిస్టులో అన్నిటికంటె పైనున్నది అక్వేరియం.

అదే సమయంలో అల్లుడు తన ఆఫీసులో మేనేజరు ఎదుట కూర్చుని, ఈ ఫారం ఎంత నిర్దుష్టమైనదో వివరిస్తున్నాడు. జేబులో ఫోను 'టింగ్' అన్నది. తీసి చూస్తే, 'మీ అక్వేరియం దొరికినది. వచ్చి తీసుకొనగలరు' అని ఉన్నది. లోపల పెట్టేలోగా మరొక అక్వేరియం దొరికింది. మధ్యాహ్నానికి అతడి ఫోను చేపల బజారును మించిపోయింది. మేనేజరు అనుమానంగా చూసి, "ఏదైనా పక్క వ్యాపారం చేస్తున్నారా ఏమిటండీ?" అని అడిగాడు.

ఇక్కడ డిపోలో సాయంత్రం లెక్క చూసిన సూపరింటెండెంటు నోరు వెళ్ళబెట్టాడు.

"ఈ ఊళ్ళో చేపలు లేకుండా ఎవరూ బస్సెక్కరా ఏమిటమ్మా?"

"ఫారం ఎలా రాయమంటే అలా రాశాను సార్," అన్నది అత్తగారు, వినయానికి విగ్రహం పోసినట్లు నిలబడి.

"శుక్రవారం చూస్తాను," అని ఆయన గోదాము తాళం చెవి వంక ఒకసారి దృష్టి సారించి వెళ్ళాడు. అయినా అల్లుణ్ణి సాయం అడగటానికి ఆవిడకు నోరు రాలేదు.

బుధవారం పొద్దున్నే అల్లుడు కోపం పట్టలేక తానే వచ్చి కిటికీ ముందు వరుసలో నిలబడ్డాడు. అతడి ముందున్న ఒక తల్లి, పాప కాలి చెప్పు ఒకటి బస్సులో జారిపోయిందని చెప్పింది. అత్తగారు వెనక్కు తిరిగి చూడకుండానే అరలోంచి ఎర్రని బుల్లి చెప్పు తీసి ఇచ్చింది. ఆ తల్లి ముఖం విప్పారింది. కాని సూపరింటెండెంటు మాటకు జడిసి, ఈసారి అసలు పేరుతోనే ఇచ్చినట్లు నమోదు చేయబోతే ఫారం గంట కొట్టి, జత లేనిదే కుదరదన్నది. గంట మోగగానే వరుసలో వెనకనున్నవాళ్ళు నిట్టూర్చారు. అత్తగారి భుజాలు కొద్దిగా కుంగాయి. కుంగిన ఆ భుజాలను చూసిన అల్లుడికి తాను తెచ్చుకున్న కోపంలో సగం అక్కడికక్కడే ఎక్కడో జారిపోయింది. మిగిలిన సగంతో ముందుకు వచ్చాడు.

"నా అక్వేరియం దొరికిందట. మెసేజ్ వచ్చింది."

అత్తగారు పక్కనున్న పాప తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఆ వచ్చినాయనకు ఏ అక్వేరియం కావాలో కాస్త అడుగు. నిన్నంతా అవే వచ్చాయి."

"మొదటిది చాలని చెప్పండి," అన్నాడు అల్లుడు ఆ తల్లితోనే.

"చేపల పేర్లు చెప్తే గానీ ఇవ్వం, రూలు అని చెప్పు."

ఆ తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎదురెదురుగానే ఉన్నారు కదండీ! నేను పోవాలి, నాకు బస్సుంది," అని పాపను చంకనేసుకుని వెళ్ళిపోయింది. మధ్యవర్తి లేకపోయేసరికి ఉభయులకూ మాట పెగలలేదు. అల్లుడు వెనుదిరిగాడు.

ఆ పూటే అతడు ఫారాన్ని విప్పి మళ్ళీ కట్టాడు. గొడుగుకు దాని సొంత పేరు తిరిగి ఇచ్చి, లిస్టులో అన్నిటికంటె పైన కూర్చోబెట్టాడు. దాని కింద ఎక్కువగా దొరికేవాటిని వరుసగా పేర్చాడు. ఒంటి చెప్పుకు అనుమతి లభించింది. ఫోను నంబరు తెలియకపోతే ఖాళీగా వదలవచ్చును. ఎర్ర రంగు పోయింది, గంట పోయింది. ఇక మిగిలింది, ఏదైనా మరిచిపోతే తెర ఏమనాలన్నది. 'తప్పు' అన్న మాట తుడిచేసి, దాని స్థానంలో ఏమి రాయాలా అని ఆలోచిస్తుంటే, కళ్ళ ముందు ఆ కుంగిన భుజాలే కదలాడాయి. నోటితో పలకలేని పిలుపు వేళ్ళకు సులువుగా వచ్చేసింది.

గురువారం ఉదయం ఒక గొడుగు నమోదు చేస్తూ అత్తగారు తేదీ వేయటం మరిచింది. తెర మీద మెత్తగా ఒక పెట్టె తెరుచుకున్నది: 'అత్తయ్యగారూ, తేదీ మరిచారు. ఈ రోజుదేనా? అయితే ఈ మీట నొక్కండి, నేను వేసేస్తాను.'

ఆవిడ చప్పున అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించలేదని రూఢి చేసుకుని, పైట సర్దుకుని, 'ఇతర విశేషములు' అనే గడిలో నిదానంగా కొట్టింది: 'గొడుగు పిడి విరిగినది. పెట్టెకు మర్యాద అబ్బినది.'

మధ్యాహ్నానికి మరొక పెట్టె తెరుచుకున్నది: 'అత్తయ్యగారూ, రంగు ఎంచుకోలేదు. కళ్ళజోడు తుడుచుకున్నారా?'

'తుడుచుకున్నాను. వెలిసిపోయిన నలుపు మీ లిస్టులో లేదు. గొడుగుల్లో సగం అదే రంగు.'

నమోదులన్నీ ఆఫీసులో అల్లుడి తెర మీదా కనిపిస్తాయి గనుక, టీ వేళకు లిస్టులో 'వెలిసిన నలుపు' వచ్చి చేరింది.

రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ తలవంచుకుని, లోలోపల ముసిముసిగా నవ్వుకుంటూ తింటున్నారు. అమ్మాయి ఆ తలనూ ఈ తలనూ చూసి, "ఏమిటి, ఈ పూట నాకు ఉత్తరాలేమీ లేవా?" అన్నది.

శుక్రవారం పరీక్ష. సూపరింటెండెంటు ముందు ఆ పిలుపులు బాగుండవని, మాటలు మార్చేయబోయాడు అల్లుడు. కాని ముందు రోజు చివరి గొడుగు కింది విశేషములలో ఇలా ఉన్నది: 'మాటలు మార్చవద్దు. పొద్దస్తమానం ఒక్కదాన్నే కూర్చుంటాను. తోడుగా ఉన్నది.' అతడు చదివి, చేతులు వెనక్కు తీసుకున్నాడు. ఎలాగూ సూపరింటెండెంటు పక్కన నిలబడి చూసేవాడే, అత్తగారు ఏదీ మరవకపోతే ఆ పెట్టెలు తెరుచుకోవు గదా అని ధైర్యం చెప్పుకున్నాడు.

సూపరింటెండెంటు వచ్చాడు. వెనక, కంపెనీ తరఫున వచ్చిన అల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు హెల్మెటునూ, ఊతకర్రనూ, రెండు గొడుగులనూ ఒక్క పొరపాటు లేకుండా ఎక్కించింది. అంత నైపుణ్యం చూసి ఆయనకు సంతోషం కలగవలసింది పోయి సందేహం కలిగింది.

"బట్టీ పట్టినట్లున్నారు. లేవండమ్మా, నేను కూర్చుని చూస్తాను."

ఆయన కూర్చుని, కండక్టరు తెచ్చిన టిఫిన్ క్యారియరును ఎంచి, తేదీ వదిలేసి, మీట నొక్కాడు. ఏ రాతనైనా పైకి చదివితే గానీ అర్థం కాని అలవాటు ఆయనది.

"అత్తయ్యగారూ, తేదీ మరిచారు…" అని గంభీరమైన కంఠంతో చదివాడు.

వరుసంతా పకాలుమన్నది.

"ఎవరయ్యా అత్తయ్య?"

అల్లుడు నోరు తెరిచేలోగా అత్తగారే అందుకున్నది. "ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వారే సార్."

ఆయన పళ్ళు కొరికి ముందుకు సాగాడు. ఈసారి రంగు మరిచాడు. కళ్ళజోడు సంగతి చదువుతూనే, తెలియకుండా జోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"సార్, ఇంకోటి మరిచిపోండి సార్!" అని వరుసలోంచి ఎవరో కేకేశారు. ఆయన మీసం వణికింది. ఈ మారు, చూసినవారందరూ తరువాత సాక్ష్యం చెప్పిన ప్రకారం, కావాలనే మరిచాడు.

"అత్తయ్యగారూ, ఇది మూడోసారి. లేచి కాసిని మంచినీళ్ళు తాగి రండి. వస్తువు ఎక్కడికీ పోదు."

నవ్వు ఆపుకోవటానికి ఆయన చాలాసేపు దగ్గాడు. దగ్గు తీరాక అధికారం గుర్తుకు వచ్చింది.

"ఇది ఆఫీసా, చుట్టాలిల్లా? రేపు ఇక్కడ ఇంకెవరినైనా కూర్చోబెడితే వాణ్ణీ అత్తయ్యా అంటుందా?"

"అంటుందండి," అన్నాడు అల్లుడు.

"మార్చాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

నిజానికి అది టీ తాగేలోగా అయ్యే పని. అల్లుడు కిటికీ వైపు చూశాడు, గోదాము తలుపు వైపు చూశాడు. "నెల పడుతుందండి. లోపల మాటలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి."

ఒక రంగు మధ్యాహ్నం అడిగితే టీ వేళకు వచ్చి చేరిన వైనం అత్తగారికి తెలియనిది కాదు. కొన్ని కొన్ని చోట్ల అసత్యం దోషం కాదని శాస్త్రం సడలింపు ఇచ్చింది. ఆ చోట్లలో బస్సు డిపో ఉన్నదా లేదా అన్నది పండితులు తీరికగా తేల్చుకోవచ్చును. ఆవిడ అల్లుడి ముఖంలోకి సూటిగా చూసి, జీవితంలో మొదటిసారి నోరు విప్పి అతడితో అన్నది:

"నెలలో ఎక్కడవుతుంది బాబూ? ఆ లిస్టుల సంగతో? రెండు నెలలని చెప్పండి."

"అవునండి. రెండు," అన్నాడు అల్లుడు.

సూపరింటెండెంటు రెండు నెలలనూ, పైనుంచి కొత్తగా తేవలసిన మంజూరునూ, దానికి పెట్టవలసిన సంతకాలనూ మనసులో దర్శించి బెంబేలెత్తాడు. లేచి, కుర్చీని తన చేతులతోనే వెనక్కు లాగాడు.

"మీరే కూర్చోండమ్మా. ఈ ఫారానికి సరిపోయే మనిషిని నేనెక్కడ తేను?"

ఆయన వెళ్ళాడు. ఆవిడ కూర్చున్నది. అల్లుడు ఆనందపారవశ్యంతో కిటికీ ముందే నిలబడిపోయాడు. ఏదో ఒక మంచి మాట వినబడుతుందని అతడి ఆశ.

"ఏం బాబూ, అలా అడ్డంగా నిలబడితే ఎట్లా? వెనక జనం ఉన్నారు, కనబడటం లేదూ?" అన్నది అత్తగారు, నేరుగా, నలుగురిలో.