ముప్పై తొమ్మిదో ఆకు

నందినికి పెళ్లయి ఇరవై మూడు రోజులైంది. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆమెకు లోకంలో బాగోలేనిది ఒక్కటీ కనిపించలేదు. లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, బండి మీద ఇంకో ఐదు నిమిషాలు మొగుడి వీపుకు ఆనుకుని కూర్చోవచ్చని సంతోషం. టీలో చక్కెర తక్కువైతే, యువరాజ్ లేచి వెళ్లి వేసుకొస్తాడని సంతోషం. యువరాజ్ నగరి మగ్గాలవాళ్ల పిల్లవాడు, తిరుపతిలో పెద్ద బట్టల కొట్లో చీరల విభాగం చూస్తాడు. పెళ్లిచూపులకొచ్చి, ఆమె చీర అంచు చూసి అది ఏ ఊరి నేతో చెప్పాడే తప్ప ముఖం వైపు కన్నెత్తలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నందినికి ఆఫీసులో కూడా నవ్వొచ్చేది.

ఇంత సంతోషంలోనూ చిన్న ముల్లు ఒకటి ఉంది. నెలాఖరుతో ఆమె ఉద్యోగం అయిపోతుంది.

అలిపిరి దారిలో ఒక ట్రస్టువాళ్ల పరిశోధన గ్రంథాలయం ఉంది. ఎనిమిది వందల తాళపత్ర కట్టలు, ముట్టుకుంటే పొడయ్యే పుస్తకాలు రెండు బీరువాలు, గోడల నిండా పాత ఫోటోలు. తెలుగు ఎం.ఏ. చదివిన నందిని అక్కడ ఏడాది ఒప్పందం మీద కట్టలకు పట్టిక రాస్తోంది. డైరెక్టరు విజయ్ కుమార్ ఒకే షరతు పెట్టాడు. కార్వేటినగరం వంటల గ్రంథం పూర్తిగా అచ్చుకు సిద్ధమైతే ఆమెకు ఇంకో ఏడాది, లేకపోతే పూలగుత్తి ఇచ్చి పంపేస్తారు.

ఆ గ్రంథమంటే ఆయనకు ప్రాణం. సంస్థానం వంటశాలలో పుట్టిన దివ్య నైవేద్యాల పుస్తకం దొరికిందని ట్రస్టు పెద్దలకు చెప్పి, అచ్చుకు ఒప్పించి, ఆవిష్కరణ ఆహ్వానపత్రిక మీద అరటి ఆకు బొమ్మ కూడా వేయించేశాడు. చిక్కేమిటంటే, కట్టలో ఉన్నవి ముప్పై ఎనిమిది ఆకులే. గారెలు, పులిహోర, పాయసాలు అన్నీ అయ్యాక చివరి ఆకు ఇలా ఆగిపోయింది: "పనసగింజలు ముప్పాతిక ఉడికిన తరువాత చింతపండు రసము పోసి, అందులో".

అందులో ఏమిటి? నందినికి అన్నం సయించలేదు. అంటే, రెండో వాయి దోసెలు తినేటప్పుడు కూడా అదే ఆలోచన అన్నమాట. యువరాజ్ మునక్కాడ అన్నాడు, ఆమె బెల్లం అంది. ఒక ఆదివారం పొద్దుటంతా ఇద్దరూ ఆ ఒక్క మాట మీదే పోట్లాడుకుని, రాజీగా సినిమాకు పోయారు.

మిగతా ఆకుల జాడ కోసం ఆమె పాత రిజిస్టరు తిరగేసింది. కట్ట ఇచ్చింది కార్వేటినగరం వెంకటముని, 1976లో. దాంతోపాటు, అప్పటికే పాతదైన ఒక ఫోటో కూడా ఇచ్చాడు. అది హాలు గోడకే ఉంది. పన్నెండేళ్ల పిల్ల ఒళ్లో తాటాకుల కట్ట పెట్టుకుని, ఫోటో తీసేవాణ్ణి కొరికేలా చూస్తోంది. గ్రంథాలయం పాత అచ్చు పట్టికలో ఆ ఫోటో ఎదురుగా "కీ.శే. ఆనందమ్మ, దాత కుమార్తె" అని ఉంది.

పోయినావిడకు పిల్లలుంటారు గదా అనుకుంది నందిని. కీర్తిశేషులు ఆనందమ్మగారి వారసులకు అని మొదలుపెట్టి, ఆ తల్లి ఆత్మ ఏ లోకంలో ఉన్నా ఈ గ్రంథం పూర్తయితే సంతోషిస్తుందని కళ్లు చెమర్చేలా ఉత్తరం రాసి, పాత చిరునామాకు పోస్టు చేసింది.

వారం తిరక్కుండా, ఒక శుక్రవారం పదకొండు గంటలకు, డెబ్బై దాటిన ముసలామె వైరుబుట్ట పట్టుకుని లోపలికొచ్చింది. బస్సులో నలిగిన చీర సర్దుకుని, నేరుగా నందిని బల్ల దగ్గర నిలబడింది.

"నందిని అంటే ఎవురు ఈడ?"

"నేనే అవ్వా. కూర్చోండి."

"కూర్చుంటాలే. నేను చచ్చి ఎన్నేండ్లయిందో కొంచెం చెప్పమ్మా. ఊర్లో అందురూ అడగతా ఉండారు."

ఆమె చేతిలో నందిని ఉత్తరం ఉంది. నందిని చెవుల దాకా ఎర్రబడింది. ఆనందమ్మ ఐదో తరగతి దాకా చదివిందట. పోస్టుమాన్ వద్దన్నా వినకుండా తన ఆత్మశాంతిని తానే చించి చదువుకుందట. అంత బాగా తన గురించి ఎవురూ రాయలేదని, చచ్చినంక గానీ మంచిమాట పుట్టదని అప్పుడు తెలిసిందని చెప్పింది.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో హాల్లోకి పోగానే తేలింది. అటెండరు మునిరామయ్య స్టూలెక్కి, చిన్న ఆనందమ్మ ఫోటో అద్దానికి గంధం బొట్టు పెట్టి కనకాంబరాల దండ వేస్తున్నాడు. ప్రతి శుక్రవారం గోడ మీది ఫోటోలన్నిటికీ ఇది ఆయన సేవ. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. తర్వాతెప్పుడో పట్టిక టైపు చేసినాయన, దండ ఉంది గదా అని ప్రతి పేరు ముందూ "కీ.శే." కొట్టేశాడు. అచ్చయింది కాబట్టి నిజమైంది.

ఆనందమ్మ తన ఫోటోనూ దండనూ మార్చి మార్చి చూసింది. మునిరామయ్య స్టూలు దిగలేదు. నలుపూ తెలుపూ ఫోటోలోవాళ్లు ఇంకా ఉంటారని తానెట్లా అనుకునేదని ఎదురడిగాడు. పైగా ఆయనకు తన సేవ మీద గొప్ప నమ్మకం.

"ఇరవై ఏడేండ్లుగా నీకు పూలేస్తా ఉండా. బీపీ ఉండాదా నీకు? షుగరు ఉండాదా? లేదు గదా. ఊరికే వస్తాదా అట్లాంటి ఒళ్లు?"

ఆనందమ్మ ఆలోచించింది. "మోకాళ్ల నొప్పి ఉండాది."

"అది నేను సెలవు పెట్టిన వారాలది."

ఈలోగా విజయ్ కుమార్ వచ్చాడు. విషయం విని రెండు చేతులూ జోడించి, కాఫీ తెప్పించి, మిగతా ఆకుల సంగతి మెల్లగా కదిపాడు. ఆనందమ్మ వైరుబుట్టను ఒళ్లోకి లాక్కుంది. ఆకులు తెచ్చానని, అయితే చచ్చినవాళ్లు ఏమీ ఇవ్వలేరు కాబట్టి ముందు తనను బతికించాలని చెప్పింది. విజయ్ కుమార్ తన చిక్కు చెప్పుకున్నాడు. అచ్చు పట్టికలో అక్షరం దిద్దాలన్నా కమిటీ తీర్మానం కావాలి, కమిటీ కూర్చునేది రెండు నెలల తర్వాత.

"అయితే అప్పుడే వస్తా, బతికుంటే," అని ఆమె లేచింది.

నందిని ఒప్పందానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆమె ఏమీ ఆలోచించలేదు. గ్రంథాలయంలో పెన్సిలు తప్ప ఏదీ వాడకూడదు. సిరా పెన్ను ఉన్నది ఒక్క డైరెక్టరు జేబులోనే. ఆమె చెయ్యి చాపి ఆయన జేబులోంచి పెన్ను తీసింది. పట్టిక తెరిచి, "కీ.శే." మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన "సజీవులు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. విజయ్ కుమార్ సొంత జేబు దోపిడీ అయినందుకు కోప్పడాలో, పట్టిక పాడైనందుకు కోప్పడాలో తేల్చుకోలేక నిలబడ్డాడు.

ఆనందమ్మ పట్టికను దగ్గరగా పెట్టుకుని ఆ గీత చూసుకుంది. ఫోటో మీది దండ తీయించి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డ మునిరామయ్య చేతిలోంచి లాక్కుని, నందిని మెడలోని కొత్త పసుపుతాడు చూసి ఆమె జడలో తురిమింది.

"నేను బతికే ఉండా గాబట్టి ఇవి వట్టి పూలే. పెట్టుకో, కొత్త పెండ్లికూతురివి."

అప్పుడు బుట్టలోంచి కట్ట బయటికొచ్చింది. మొదటి సగం నాయన ఇచ్చేశాడని, రెండో సగం మాత్రం అమ్మ ఇవ్వనివ్వలేదని, రుచంతా ఇందులోనే ఉందనేదని ఆనందమ్మ చెప్పింది. పై ఆకు చూస్తే అక్షరాలే లేవు. గంటంతో గీసిన గీతలు మసి పూస్తే గానీ కనపడవు. నందిని నిమ్మగడ్డి నూనెలో దీపం మసి కలిపి, గుడ్డతో ఆకు మీద అద్ది, తుడిచింది. నల్లటి అక్షరాలు ఒక్కొక్కటీ లేచి కూర్చున్నాయి. ముప్పై తొమ్మిదో ఆకు. విజయ్ కుమార్ కళ్లు మూసుకుని, భక్తిగా తల ఒక పక్కకు వంచాడు.

నందిని పైకి చదివింది. "అందులో... ఎండు నెత్తళ్ల చేపలు దోసెడు, తలలు తుంచి వేయవలెను."

విజయ్ కుమార్ కళ్లు తెరిచాడు.

నలభయ్యో ఆకు నాటుకోడి. నలభై రెండు అడవిపంది. నలభై ఐదులో పీతల పులుసు, దాని పక్కన ఎవరో మెచ్చుకోలుగా గీసిన చిన్న పీత బొమ్మ. ఇది ఆ గ్రంథం కాదని ఆయన గట్టిగా అన్నాడు. నందిని రెండు కట్టలూ పక్కపక్కన పెట్టింది. అదే చేతిరాత, అవే కొలతలు, తాడు రంధ్రాలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి. ఆయన భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. ఎంతైనా చదువుకున్నవాడు, కాదనలేకపోయాడు.

"దేవుడి పుస్తకమని మీకెవురు చెప్పినారు సార్?" అంది ఆనందమ్మ. "మా తాత వండింది రాజులకు. అరిటికాయ తిని గుర్రాలెక్కినారనుకుంటిరా?"

మునిరామయ్య గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. విజయ్ కుమార్ ముఖంలో ఆహ్వానపత్రిక మీది అరటి ఆకు ఒకసారి మెరిసి వాడిపోయింది. నందినికి తన ఒప్పందం షరతు గుర్తొచ్చింది. గ్రంథమైతే పూర్తయింది, కానీ పూర్తయిన గ్రంథాన్ని ఈయన అచ్చు వేస్తాడా, బీరువాలో దాచి తాళం వేస్తాడా?

ఆయన పీత బొమ్మనే చూస్తున్నాడు. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, తన చిన్నప్పుడు గూడూరులో మేనత్త పీతలు వండేదని, ఇంట్లో తెలియకుండా అక్కడికి పోయి తినేవాడినని గొంతు తగ్గించి చెప్పాడు. చెప్పాక కొంచెం తేలికపడ్డట్టు కనిపించాడు. సొరుగు లాగి నందిని ఒప్పందం కాగితం బయటికి తీశాడు.

"నా పెన్ను ఇలా ఇవ్వమ్మా."

సంతకం పెట్టి కాగితం ఇస్తూ, రెండో సగాన్ని పుస్తకం చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో వేద్దామన్నాడు, పెద్దల కంట పడకుండా.

"చిన్నక్షరాలు నాకు కనపడవు సార్," అంది ఆనందమ్మ, బుట్ట సర్దుకుంటూ. "పెద్దవే ఎయ్యండి."