నెఫ్రోపతీకి ముందున్న మాట

సావా నది పక్కనున్న ఆ ఊళ్ళో ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడగలిగింది ల్యెర్క ఒక్కతే. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. ఊరి కిడ్నీ జబ్బును చూసి పోవడానికి విదేశాల నుంచి డాక్టర్లు దిగినప్పుడల్లా కబురు ఆమెకే వచ్చేది. వాళ్ళ వెంట ఇల్లిల్లూ తిరిగి, అడిగింది ఇటూ చెప్పింది అటూ మార్చి మార్చి, నెఫ్రోపతీ అన్న మాట ఆమెకు ఉప్పూ పప్పూ అన్నంత అలవాటైపోయింది.

ఇంగ్లీషులో ఆ మాట ఒంటరిగా చెప్పేది తక్కువ. కిడ్నీ చెడింది అంటుంది, అంతటితో సరి. ఎందుకు చెడిందో తెలియాలంటే దాని ముందు ఇంకో మాట తగిలించాలి. చక్కెర జబ్బు వల్ల చెడితే ముందు ఆ జబ్బు పేరు వస్తుంది. వీళ్ళ జబ్బుకు కారణం ఎంతకీ దొరక్కపోయేసరికి డాక్టర్లు ముందు ప్రాంతం పేరే తగిలించి చేతులు దులుపుకున్నారు. బాల్కన్ ఎండెమిక్ నెఫ్రోపతీ. అంటే ఈ నేలను అంటిపెట్టుకుని ఉన్న జబ్బు. ఎక్కడో లండన్‌లో డాక్టరు చదువు చదివే పిల్లలు తమ నేల పేరు చదువుకుంటున్నారని ల్యెర్కకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. సిగ్గుమాలిన గర్వమని ఆమెకూ తెలుసు.

ఊరివాళ్ళకు ఆ పేర్లతో పనిలేదు. ముఖం రాగి రంగుకు తిరిగిందంటే ఆ ఇంటి రక్తం చెడ్డదని తేల్చేసేవారు. ల్యెర్క తండ్రి అలాగే పోయాడు. అన్న జూకా అలాగే పోయాడు. ఆమె చిన్నప్పుడే పట్నంలో హాస్టల్లో చేరి అక్కడే పెరిగింది కాబట్టి బతికిపోయిందని అనేవారు, అయినా రక్తం రక్తమే కదా అని వెంటనే దీర్ఘం తీసేవారు. ఆమె కూడా నమ్మింది. ఇష్టపడి అడిగిన మనిషికి, ఈ రక్తాన్ని నీ పిల్లలకు అంటగట్టలేనని చెప్పి పంపేసింది. తల్లి యాగాది మరో పాట. ఆవిడ కొండ మీది ఊరి నుంచి కోడలుగా వచ్చింది. మా రక్తం శుభ్రం, ఈ దరిద్రమంతా మీ నాన్నవైపుదే అని మొగుణ్ణి పాతిపెట్టిన రోజున కూడా అనకుండా ఉండలేకపోయింది.

ఆ మధ్యాహ్నం ల్యెర్క ఇంటికే వచ్చిన డాక్టర్ ప్రిచర్డ్ బక్కపలచని ఇంగ్లీషు అమ్మాయి. ఊరి డాక్టరు పక్కింట్లో రక్తం తీస్తూ ఉండిపోయాడు. యాగా ఆమెను వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి, ప్లమ్ సారా చిన్న గ్లాసులో పోసి ముందుకు తోసింది. ఈ పిల్లకు వాళ్ళమ్మ తిండి పెట్టదా, గాలొస్తే ఎగిరిపోయేట్టుంది అని నవ్వింది. ల్యెర్క ఆ మాటను మర్యాదగా మార్చి చెప్పింది.

ప్రిచర్డ్ సంచిలోంచి ఒక గాజు గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఎండిన కాయ ఒకటి, పగిలి, గింజలు బయటపడి ఉంది. ఇది తెలుసా అని అడిగించింది.

"తెలీకపోవడమేంటే? తోడేలడుగు," అంది యాగా. "గోధుమ చేలో ఎక్కడ చూడు ఇదే. పీకితే వారానికల్లా మళ్ళీ లేచేది. మీ నాన్న విసుగెత్తి వదిలేశాడు."

కోతప్పుడు ఇది కూడా పంటతో కలిసి వచ్చేదా, పిండిమరకు వెళ్ళేదా అని తరువాతి ప్రశ్న. వెళ్ళక ఏం చేస్తుంది, గింజ గింజా ఏరుతూ కూర్చునే తీరిక ఎవరికుంది, ఇప్పుడంటే మందులూ యంత్రాలూ వచ్చాయి గానీ, అని యాగా తేలిగ్గా చెప్పేసింది.

అప్పుడు ప్రిచర్డ్ గొంతు తగ్గించి, ల్యెర్కకు మాత్రమే చెబుతున్నట్టు మాట్లాడింది. పాత పేరు తీసేయబోతున్నారట. ఇక దీన్ని అరిస్టోలోకిక్ యాసిడ్ నెఫ్రోపతీ అనాలట. ఆ మొదటి మాట ఈ మొక్క పేరే. దీని విషం పిండిలో కలిసి, రోజుకు రవ్వంత చొప్పున ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోయిందట.

వెనక మాట అదే, ముందు మాట మాత్రం పోయింది. నేల లేదు, రక్తం లేదు. ల్యెర్క వద్దని పంపేసిన మనిషికి ఇప్పుడు మనవలున్నారు. అది కూడా కాదు ఆమెను కుదిపేసింది. ఈ ఇంట్లో రొట్టె కాల్చిన చేతులు ఎవరివో ఆమెకు తెలుసు. ఆ చేతులే బల్ల అవతల ఇంకో సారా గ్లాసు తుడుస్తున్నాయి.

"ఏమంటోందే?" అంది యాగా.

"నీళ్ళ వల్ల వచ్చి ఉంటుందని అనుకుంటున్నారటమ్మా." ఇన్నేళ్ళలో ల్యెర్క తప్పుగా మార్చి చెప్పడం అదే మొదలు.

యాగా గొట్టం వైపు చూసింది. "నీళ్ళ సంగతికి గింజలు పట్టుకొచ్చిందా?"

తల్లికి చదువు లేదు గానీ తెలివి లేదని ఎవరూ అనలేరు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి నెమ్మదిగా అడిగింది.

"రొట్టెలోనా?"

కాదని చెప్పడానికి ల్యెర్క నోరు తెరిచింది. "అవునమ్మా," అనే వచ్చింది.

"నాకేం కాలేదేం మరి?" అని, జవాబు కూడా ఆవిడే వెతుక్కుంది. "నేను తిన్నదెప్పుడు? పొలానికి పోయేవాళ్ళకు సరిపోతే చాలనుకునేదాన్ని. నాకు మొక్కజొన్న గంజి ఉండేదిగా." మళ్ళీ గొట్టం వైపు చూసింది. "పైన మాడని ముక్క జూకాకి. వాడికి అదిష్టం."

ల్యెర్క లేచి వెళ్ళి తల్లి భుజం పట్టుకుంది. నీకెలా తెలుస్తుంది, ఊరంతా అదే పిండి తిన్నారు కదా అంది. యాగా వినిపించుకున్నట్టు లేదు.

"వాణ్ణి ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను మీద పెట్టారే," అంది. "అక్కడి తిండి మంచిది కాదనుకున్నాను. ఇంట్లో రొట్టె కాల్చి, తువ్వాల్లో చుట్టి, బస్సెక్కి పట్టుకెళ్ళేదాన్ని. వద్దమ్మా, సయించట్లేదు అనేవాడు. తిండి తినకపోతే ఎలా లేస్తావురా అని తిట్టి, దగ్గర కూర్చుని తినిపించాను."

ఆవిడ ఏమందని ప్రిచర్డ్ మెల్లగా అడిగింది. ల్యెర్కకు ప్రతి మాటకూ ఇంగ్లీషు తెలుసు. ఒక్కటీ చెప్పలేదు.