నాలుగు గంటల క్లాసు

మధ్యాహ్నం రెండైంది. తట్టలో కట్టపరిగె చేపలు ఇంకా రెండు కిలోలు మిగిలే ఉన్నాయి. పొద్దున్న కిలో నూట యాభై చెప్పినవి ఇప్పుడు వందకి దిగినా పాలకొల్లు వీధుల్లో అడిగే నాథుడు లేడు. ఐసు కరిగిన నీళ్ళు మెడ మీదికి కారుతుంటే, లోవమ్మ ఆ తట్టతోనే బడి గేటు దగ్గరికి వచ్చింది. వెంటనే రమ్మని కరస్పాండెంటు మణిశంకర్ గారు స్వయంగా ఫోను చేశారు. మూడో తరగతి చదువుతున్న చిన్నకూతురు బేబీకి ఏమైందోనని పరుగున వచ్చిన మనిషి, గేటు దాటకుండానే నిలబడిపోయింది.

గేటు పక్కన నిలువెత్తు కొత్త ఫ్లెక్సీ. దాని నిండా నీలం సిరాతో, పెన్ను ఎత్తకుండా ఒకదానికొకటి కలిపి రాసిన ఇంగ్లీషు అక్షరాలు. లోవమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆ రాత ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేళ్ళపాటు ఇంటి అరుగు మీద, రోజుకి రెండు పేజీల చొప్పున ఆ అక్షరాలు పుడుతుంటే పక్కన కూర్చుని చూసిన తల్లి.

అది పెద్దకూతురు రమ్యశ్రీ రాత. ఆ పిల్ల పోయి పదకొండు నెలలైంది.

తట్ట వాచ్‌మన్ దగ్గర దించి ఎలా లోపలికి వెళ్ళిందో ఆమెకే తెలీదు.

"చూశారాండీ ఫ్లెక్సీ? మా స్కూల్ మొత్తానికి బెస్ట్ హ్యాండ్‌రైటింగ్ మీ అమ్మాయిదే. ఈ ఏడు అడ్మిషన్లకి అదే పెట్టాం. పిల్ల పేరు నిలబడాలి కదా!" అన్నారు మణిశంకర్ గారు. ఆయన కళ్ళలో నిజంగానే తడి ఉంది. చెడ్డమనిషి కాదు మరి. చనిపోయిన పిల్ల రాతతో బతికున్న పిల్లల్ని పిలవొచ్చని తోచిన మనిషి, అంతే.

లోవమ్మ తల వంచుకుని మెడ మీది ఐసు నీళ్ళు కొంగుతో తుడుచుకుంది.

"ఇక బేబీ సంగతి. దాని రాత కోడి గెలికినట్టుందండి. సోమవారం నుంచి రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కర్సివ్, అదే కలిపిరాత, స్పెషల్ క్లాసు పెడుతున్నాం. అందరికీ కంపల్సరీ. అక్కని చూసి చెల్లెలు నేర్చుకోవాలి కదండి."

ఆ ఆఖరి మాట దగ్గర లోవమ్మ తల ఎత్తింది.

గోదారి మీద వేట చేసుకు బతికే ఇంట్లో పిల్లకి ఈత రాదంటే చోద్యం కాదూ! కానీ రమ్యశ్రీకి రాదు. నేర్పనివ్వంది లోవమ్మే. గోదారి ఒడ్డున ఉన్న వాళ్ళ ఊళ్ళో అయిదో ఏడు రాగానే, ఆడపిల్లైనా మగపిల్లాడైనా నీళ్ళలోకి దింపుతారు. మొగుడు పల్లంరాజు పిల్లని ఎత్తుకుని రేవుకి వెళితే, లోవమ్మ వెనకాలే పరిగెత్తి లాక్కొచ్చేసింది. "నీల్లు అలవాటైతే నీల్లలోనే ఉండిపోద్ది. నాలాగా తట్ట మోత్తాది. దీన్ని ఇంగ్లీసు బళ్ళో ఏత్తాను, రేవు కేసి సూడనివ్వను" అంది. ఆ మాట అన్నది తానే. ఇంకెవరి నెత్తిన వేస్తుంది?

కిందటేడు గోదారి నడిమి లంకలో పెళ్ళికి వెళుతూ, రేవుకి నాలుగు బారల దూరంలో నావ ఒరిగింది. నావలో ఉన్న పిల్లలు తొమ్మిదిమంది. ఈదుకుంటూ ఒడ్డెక్కి, తడిసిన పెళ్ళిబట్టలు చూసుకుని ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకుని నవ్వారు. నవ్వడం అయ్యాక చూస్తే ఒకరు తక్కువ.

అప్పట్నుంచీ సాయంత్రమైతే చాలు, అరుగు మీద కాగితం మీద పెన్ను పాకుతున్న చప్పుడు. లోవమ్మ కత్తిపీట మీంచి లేచి వెళ్ళి చూస్తుంది. ఎవరూ ఉండరు. లోపలికొచ్చి కూర్చుంటే మళ్ళీ మొదలు. ఆ భయంతోనే బేబీకి చెంబుతో తప్ప నీళ్ళు చూపించలేదు. "దీనికైనా నేర్పనియ్యవే" అని పల్లంరాజు బతిమాలినప్పుడల్లా చెవులు మూసుకుంది.

"హెలెన్ టీచర్, మీరు చెప్పండి ఈవిడకి," అన్నారు మణిశంకర్ గారు.

గుమ్మంలో నోటుపుస్తకాలతో నిలబడ్డ హెలెన్ టీచరే రమ్యశ్రీకి ఆ రాత నేర్పింది. ఆవిడ లోవమ్మ కేసి చూడలేకపోయింది. "ఆ ఫ్లెక్సీ మీద పేజీ నేను మూడుసార్లు తిరగరాయించానండి. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టి మరీ..." అంది.

లోవమ్మ కొంగు నడుముకి దోపుకుంది.

"అక్కని సూసి నేర్చుకోవాలన్నారు. ఆయ్, నేర్చుకోవాలండి. అక్కకి నేర్పంది నేర్చుకోవాలి. రాత వద్దనట్లేదు బాబూ. అదంటే నాకూ పేనమే. బళ్ళో ఉన్నంతసేపూ రాయించండి. నాలుగైతే మాత్తరం పిల్లని నాకు ఇచ్చెయ్యండి."

"నాలుగింటికి ఏం పనండీ అంత?"

"ఈత."

మణిశంకర్ గారికి నవ్వొచ్చింది, ఎదురుగా ఉన్నదెవరో గుర్తొచ్చి ఆపుకున్నారు. "ఒక్కరికి మినహాయిస్తే అందరూ అడుగుతారమ్మా. రూల్ రూలే. క్లాసుకి ఉండకపోతే టీసీ తీసుకోవాల్సి వస్తుంది."

టీసీ! తన పిల్లల్ని ఈ బళ్ళో వెయ్యడానికి ఎనిమిదేళ్ళుగా ఎండనక వాననక వీధులు తిరిగింది. అయినా నోరు మాత్రం వెనక్కి తగ్గలేదు.

"ఇత్తే ఇయ్యండి. ఉంచనంటే ఉంచను."

సోమవారం దాకా ఆగితే తన ధైర్యం తనకే మిగలదని ఆ రోజే బేబీని రేవుకి తీసుకెళ్ళింది. కబురందిన పల్లంరాజు అప్పటికే నడుం లోతులో నిలబడి చేతులు చాచాడు. పెళ్ళాం మాట మీద నమ్మకం కుదరనట్టు ఆమె కేసే చూస్తున్నాడు. పదకొండు నెలల తర్వాత లోవమ్మ గోదాట్లో కాలు పెట్టింది. చీర తడిసి కాళ్ళకి చుట్టుకుంది.

బేబీ తల్లి మెడ కరుచుకుపోయింది. "నువ్వేగా నీళ్ళ దగ్గరికెళితే సచ్చిపోతావన్నావు! నేనెళ్ళను! ఒదలకే అమ్మా, ఒదలకే!"

"అవునమ్మా, నేనే అన్నాను," అంది లోవమ్మ ఏడుస్తూ. అంటూనే మెడ మీంచి ఒక చెయ్యి విడిపించింది. పిల్ల కేక అవతలి లంక దాకా వినిపించింది. ఒడ్డు మీదున్న ఆడవాళ్ళు వలలు వదిలేసి లేచి నిలబడ్డారు.

లోవమ్మ రెండో చెయ్యి కూడా విడిపించింది.