సిలువను లోపల పెట్టిన రోజు

ఇప్పటి మా గుడికి ఎత్తైన గోపురం ఉంది, గోడల వెంట వేడినీళ్ల గొట్టాలున్నాయి. ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, వెచ్చగా కునుకు పట్టేస్తుంది. అయినా నా ప్రాణమంతా కజకిస్తాన్‌లోని కరగండ బొగ్గు గనుల పక్కనున్న ఆ పాత మట్టి ఇంటి మీదే. బొగ్గు పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు చెమటలు కక్కేవారు, తలుపు దగ్గరివాళ్లు గజగజ వణికేవారు. మంచి చోటు కోసం ముసలమ్మలు కాసేపు పోట్లాడుకుని, ఆ వెంటనే జపమాల అందుకునేవారు. ఆ పోట్లాటలు తలుచుకుంటే నవ్వొస్తుంది, దిగులూ వేస్తుంది.

మా అమ్మమ్మ ఒట్టీలియాను యుద్ధకాలంలో సోవియట్ సర్కారు జర్మన్ అన్న నేరానికి రష్యాలోని వోల్గా ఒడ్డు నుంచి పిల్లలతో సహా తెచ్చి ఈ మైదానంలో దింపేసింది. చాలా ఏళ్లు మావాళ్లకు ఫాదర్ లేడు. ఎప్పుడో చనిపోయిన ఒక ఫాదర్ పూజలో మెడలో వేసుకున్న పట్టీని బల్ల మీద పరిచి, దాని చుట్టూ మోకరించి పూజ చెప్పుకునేవారు. ఫాదర్ మాత్రమే పలకాల్సిన మాటల దగ్గరికి వచ్చేసరికి అందరూ నోరు మూసుకునేవారు. కాసేపటికి మళ్లీ అందుకునేవారు.

ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి ఆ మట్టి ఇంట్లో ప్రార్థన చేసుకోవడానికి అనుమతి దొరికింది. మంచు కరిగాక దూరాన్నించి ఒక ఫాదర్ వస్తానన్నారు. ఆ ఇంట్లో జరగబోయే మొదటి పెళ్లి నాది. నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

అప్పుడే ఎదురింటి సెయిత్కలీ తాత పోయాడు. ఆయన కజకు, ఈ నేల మీదే పుట్టిన ముస్లిం. అమ్మమ్మ ఈ మైదానంలో దిగిన మొదటి చలికాలం, ఆమెనూ పిల్లల్నీ తన ఇంట్లో పెట్టుకుని బతికించిన మనిషి. కొడుకు ఎర్మెక్ గనిలో మేస్త్రీ, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. ఇంట్లో ముల్లా కనిపిస్తే అతని ఉద్యోగం ఊడుతుంది. ఊళ్లో ఉన్న ముసలి ముల్లాకు నమాజు చేయించే అనుమతి ఎలాగూ లేదు.

తాత భార్య ఉల్జాన్ అపా, కజకులు పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు, మా వంటింట్లోకి వచ్చి కూలబడింది.

“ఒట్టీలియా, మా ఆయన్ని నమాజు లేకుండా గొడ్డును పూడ్చినట్టు పూడ్చేస్తారంట. కన్నకొడుకే అంటున్నాడు.”

అమ్మమ్మ గుడి పెద్ద ఆదాము మామయ్యకు కబురు పెట్టింది. తాత నమాజు మన గుడి ముంగిట్లో చేయిద్దామని ఆమె అనగానే ఆయన ఎగిరిపడ్డాడు.

“మన గుడిలోనా? మతి గానీ పోయిందా పిన్నీ? అక్కడ మన ప్రార్థనకే అనుమతి. ఇది తెలిస్తే తాళం వేస్తారు. కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకుంది బూడిదలో పోస్తావా?”

“నా పెళ్లి సంగతేంటి?” అని నేనూ అరిచాను. ఆ కోపం న్యాయమైందేనని ఇప్పటికీ అంటాను.

“నీ మొగుడెక్కడికీ పారిపోడులేవే. శవం ఆగదు” అంది అమ్మమ్మ. తర్వాత మామయ్య వైపు తిరిగింది. “ఆదామూ, ఫాదర్ లేనప్పుడు ఆ మాటలు రాగానే నోరు మూసుకునేవాళ్లం కదా. అప్పుడు నీకెట్లా ఉండేదిరా?”

మామయ్య గొంతు తగ్గించాడు. “కడుపు తరుక్కుపోయేది.”

“మరి సెయిత్కలీని అట్లాగే పంపేద్దామా? ఆయన మనల్ని ఇంట్లోకి రానిచ్చినప్పుడు ఎవర్ని అడిగాడు?”

“మీ చావు మీరు చావండి” అంటూ మామయ్య గుడి తాళంచెవి బల్ల మీద విసిరికొట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తెల్లబట్టలో చుట్టిన తాతను మా గుడి ముంగిట్లోకి తెచ్చారు. ఎర్మెక్ రాలేదు, గనిలోకి దిగాడు. ముల్లా ముందు నిలబడ్డాడు, వెనక కజకు మగవాళ్లు వరసగా నిలబడ్డారు. చనిపోయినవాళ్ల కోసం చేసే నమాజు మొత్తం నిలబడే చేస్తారు. శవాన్ని చూస్తే మోకరించకుండా ఉండలేని మా ముసలమ్మలు వాళ్ల వెనక మంచులోనే మోకరిల్లారు.

అంతలో గేటు దగ్గర కారు ఆగింది. మతాల వ్యవహారాలు చూసే అధికారి దిగాడు. మా ముంగిట్లో మావాళ్ల అంత్యక్రియలకు అనుమతి ఉంది. మోకరించిన ఆడవాళ్లను చూసి పోయింది మావాళ్లే అనుకున్నాడేమో, సరేనన్నట్టు తలూపి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడల్లా ఆగాడు.

“సిలువ ఏదీ?”

మాలో ఎవరు పోయినా తల దగ్గర పెద్ద సిలువ నిలబెట్టాల్సిందే. వచ్చినవాళ్లు ఇబ్బంది పడతారేమోనని దాన్ని తెల్లారకముందే లోపల పెట్టింది ఎవరనుకున్నారు? తాళంచెవి విసిరికొట్టిన ఆదాము మామయ్యే! పాపం, ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అమ్మమ్మ మోకాళ్ల మీది మంచు దులుపుకుని లేచింది.

“లోపలుంది బాబూ. పోయింది సెయిత్కలీ. ప్రార్థన వాళ్లది, ముంగిలి మాది.”

“ఎవర్నడిగి చేస్తున్నారు?”

“శవం ముందు గొంతు పెంచకు. అయ్యాక అరుద్దువుగాని.”

ముల్లా ఆగలేదు. నమాజు చివరిదాకా చదివాడు. పొద్దుగూకేలోపు మా గుడి తలుపుకు తాళం, దాని మీద సీలు పడ్డాయి. నేను అమ్మమ్మతో మాట్లాడటం మానేశాను.

మంచు కరిగింది. ఫాదర్ వచ్చే వేళయింది. మా ఇళ్లన్నిటి మీదా నిఘా ఉంది, ఎక్కడ పెళ్లి పెట్టుకోవాలో తోచలేదు. అప్పుడు ఎర్మెక్ మా గుమ్మంలోకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

“ఒట్టీలియా అపా, మీ ఫాదర్‌ని మా ఇంటికి తీసుకురా. ముందు గది పెద్దదే. పిల్ల పెళ్లి అక్కడ చేసేయండి.”

“నీకేమన్నా పిచ్చా? ఉద్యోగం ఏమవుతుంది?”

“పోయింది.”

అమ్మమ్మ చేతిలోని గరిటె పొయ్యి మీద పెట్టేసింది.

“నాన్న నమాజు సంగతి నాకు తెలీదని ఆఫీసులో అందరి ముందూ చెప్పమన్నారు” అన్నాడతను. “మా ఇంట్లో జరగాల్సిందే, నాకు ధైర్యం చాలక మీ ముంగిట్లో జరిగిందని చెప్పాను.”

“ఒరే పిచ్చి సన్నాసీ” అంటూ అమ్మమ్మ అతని తలను గుండెకు హత్తుకుని భోరుమంది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. నేనూ ఆగలేకపోయాను.

ఉల్జాన్ అపా పరిచిన ఉన్ని తివాచీల మీద మోకరించి నేను పెళ్లి చేసుకున్నాను. అంతసేపూ ఎర్మెక్ వీధి గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మని మామయ్య వెళ్లి చెయ్యి పట్టుకు లాగితే, విడిపించుకున్నాడు.

“మీరు కానివ్వండి. ఎవరన్నా వస్తే ఈసారి జవాబు నేను చెప్తా.”