ముత్యపు పూత

రుచి మాట దేవుడెరుగు, భేస్తాన్ బస్తీలో సుభాషిణి కేకులకు మెరుపుతోనే పేరొచ్చింది. చల్లబడి గట్టిపడ్డ క్రీము మీద, తినడానికి పనికొచ్చే, ముత్యంలా మెరిసే పొడిని మెత్తని కుంచెతో అద్దేది. ఆ పొడిని వోడ్కా చుక్కలతో కలిపితే బాగా పరుచుకుంటుందని ఫోన్‌లో చూపిస్తారు గాని, మందు నిషేధమున్న గుజరాత్‌లో వోడ్కా ఎక్కడిది? ఆమె వెనిలా ఎసెన్సుతోనే సరిపెట్టేది.

ఆరోజు పైఅంతస్తు పద్మారాణి కూతురు అలేఖ్య పుట్టినరోజు. కేకు సగం మెరిసేసరికి డబ్బాలో పొడి నిండుకుంది. అప్పుడు కంటపడింది, భర్త అంబదాస్ తెచ్చిన పొట్లం. అతను పాండేసరా మిల్లులో చీరల మీద ముత్యపు అద్దకం వేస్తాడు. ముగ్గులోకి బాగుంటుందని కాస్త పొడి తెచ్చి ఇంట్లో పెట్టాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అదే తెలుపు, అదే నిగనిగ. పైగా చీరదే ఇంకాస్త మెరుగు. ఒంటికి చుట్టుకునేదే కదా, చిటికెడు లోపలికి పోతే ఏమవుతుందిలే అనుకుంది. పేరు మీద మోజు అంత చెడ్డది. మిగతా సగం దానితోనే పూర్తిచేసి, మధ్యాహ్నమే పైకి ఇచ్చి వచ్చింది.

వంటగట్టు తుడవబోతే, రాలిన క్రీము చుట్టూ చీమలు చేరి ఉన్నాయి. ఒక్కటీ ముట్టడం లేదు. తలలు అటే తిప్పి, కదలకుండా నిలబడ్డాయి. చేతులు కడుక్కుంటే సబ్బుకు పోలేదు, శనగపిండికి పోలేదు. మెరుపు గోళ్ల కింద చేరి, మణికట్టు నరాల వెంట పైకి పాకుతూ కనిపించింది.

మిల్లులో ఉన్న అంబదాస్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“మా మిల్లుల రఘుపతి ఏండ్లకేండ్లు గా పొడిలనే పనిజేసిండు,” అన్నాడతను. “సచ్చిపోతే కాలవెట్టినంక చూసినం. బూడిద గూడ మెరిసింది. నువ్వు జల్ది పైకి పో.”

వెంటనే పోయిందా? లేదు. నిజం చెప్తే రేపటి నుంచి తన కేకు ఎవరు తింటారు? ఆ సిగ్గుతో మెట్ల దగ్గరే నిలబడిపోయింది. సాయంత్రం పైన పాట మొదలై, పిల్లల చప్పట్లు వినబడ్డాక గాని ఆమె కాళ్లు కదలలేదు.

గుమ్మం చేరేసరికి కొవ్వొత్తి వెలిగించి లైట్లు ఆర్పారు. కేకు ఇంకా కోయలేదు. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

“ఆగుండ్రి,” అంది. “ఎవ్వరు తినకుండ్రి. అది చీరల పొడి.”

పద్మారాణి సన్నని గొంతుతో, పిల్ల ఆగలేక మధ్యాహ్నం నుంచీ కేకు వెనకవైపు వేలితో గీకి నాకుతూనే ఉందని చెప్పింది. అంతలో అలేఖ్య కొవ్వొత్తి ఊదేసింది.

వెలుగు పడితేనే మెరిసే పొడి అది. చీకట్లో మెరవకూడదు. కాని అక్కడ ఒక చిన్న నోరు, పెదాల నుంచి గొంతు లోపలిదాకా, తెల్లగా మెరుస్తూ తెరుచుకుంది.

“అత్తా,” అంది. “ఇంకింత ఉన్నదా?”