ఒక నూలు తక్కువ

పుట్టినరోజుకి ఏం కావాలని వడ్రంగి అడిగితే, అతని భార్య చేతిలో కత్తెర ఆపకుండానే చెప్పింది.

"మన హోటల్లో భోజనం."

వడ్రంగి ముఖం మాడిపోయింది. ఏడేళ్ళుగా ఆ వీధివైపు కూడా తొంగిచూడని మనిషి. అంతకుముందు ప్రతి శుక్రవారం సాయంత్రం ఇద్దరూ అక్కడే తినేవారు. హోటలాయన ఆమెను నోరారా అక్కయ్యా అనేవాడు, అతన్ని బావా అని ఆటపట్టించేవాడు. హోటలుకి పన్నెండు బల్లలు కావాల్సొస్తే వడ్రంగే చేసిచ్చాడు. అవి వేసిన రోజు హోటలాయన నలుగురిలో, "బావా, కిటికీ దగ్గరది కుంటుతోందే!" అని నవ్వాడు. వడ్రంగి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా చేతిలో బల్ల కుంటడమేంటి? నీ గచ్చే వంకర!" అని విసురుగా లేచి వెళ్ళిపోయాడు. తింటున్న పళ్ళెం వదిలేసి ఆమె కూడా వెనకాలే పరిగెత్తాల్సొచ్చింది.

ఇద్దరు మగవాళ్ళ పంతానికి ఆమె శుక్రవారాలు గంగలో కలిశాయి. వాటిని ఇవాళ వెనక్కి తెచ్చుకోకుండా ఇంటికి రాకూడదని ఆమె తీర్మానించుకుంది. ముప్పై ఏళ్ళుగా కుట్టుపని చేస్తున్న మనిషి. కుట్టు తప్పుపడితే ఎక్కడ విప్పాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఏడింటికి వెళ్ళారు. హోటలాయన జుట్టు నెరిసింది. గల్లాపెట్టె దగ్గర్నుంచి గబుక్కున లేచి "రండి అక్కయ్యా" అన్నాడు. బావను మాత్రం పలకరించలేదు. బావగారేమో పైన తిరుగుతున్న ఫ్యానును మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

ఆమె తిన్నగా కిటికీ దగ్గర బల్లకే వెళ్ళింది. ఒక కాలి కింద కాగితం మడత ఉంది. తెల్లగా, కొత్తగా ఉంది.

"ఇన్నేళ్ళలో ఇంకో వడ్రంగిని పిలవలేదా తమ్ముడూ?"

"ఆయన చేసిన బల్లమీద ఇంకొకడి చెయ్యి పడనిస్తానా అక్కయ్యా? కాగితం నలిగినప్పుడల్లా నేనే కొత్తది పెడతాను."

ఆమె సంచిలోంచి టేపు తీసింది. "గచ్చు వంకరో, కాలు పొట్టో, ముందది తేలాలి. తిండి తర్వాత."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారే!" అన్నాడు వడ్రంగి.

"చూడనివ్వండి. ఆ రోజూ చూశారుగా."

కాగితం లాగేసి, మోకాళ్ళమీద బల్ల కిందికి దూరింది. మూడు కాళ్ళు అచ్చుగుద్దినట్టు సమానం. నాలుగోది ఒక నూలు తక్కువ, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మళ్ళీ కొలిచింది. అదే.

బల్ల కిందే టేపు చుట్టుకుంటూ ఆలోచించింది. గచ్చే వంకర అని ఒక్క మాటంటే చాలు, మొగుడి తల పైకి లేస్తుంది. హోటలాయన మారుమాట్లాడడు. అందరూ హాయిగా భోంచేయొచ్చు. కానీ టేపు చెప్పింది ఆమె ఎవరి ముఖం చూసీ మార్చలేదు. కన్నతల్లి నడుము కొలతైనా ఉన్నదున్నట్టే చెప్పింది, తిట్లు తింది.

బయటికొచ్చి, "కాలే. ఒక నూలు తక్కువ" అంది.

ఇంకేముంది, మళ్ళీ విసురుగా వెళ్ళిపోతాడని హోటలాయన దారికి అడ్డంగా వచ్చాడు. వడ్రంగి మాత్రం నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మర్నాడే తెలిసింది. షెడ్డులో కోసిన ముక్కలు ఏరుతుంటే ఒకటి మిగతావాటికన్నా పెద్దగా ఉంది. గీతకి అవతల కోయాల్సింది, ఇవతల కోశాను. రంపం మందమంతా కాల్లోంచే పోయింది. అంతేసి మాటలు అనేసి వచ్చాక ఏ మొహం పెట్టుకుని రాను? తప్పు నాదే."

పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో ఆ చివరి మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదలు. అయినా ఒళ్ళు మండింది. కాలు తప్పు కోసినందుకు కాదు, తెలిసి తెలిసీ ఏడేళ్ళు తన నోరు కట్టేసినందుకు.

"నూలు తక్కువైతే కొంప మునిగిందా బావా?" అన్నాడు హోటలాయన. "శుక్రవారం వస్తే చాలు, మనసు ఉసూరుమనేది నాకు. నీతో పోట్లాడినంత బాగా ఇంకెవరితో పోట్లాడను?"

కళ్ళు తుడుచుకుని, కాగితం మడత మళ్ళీ కాలి కింద పెట్టబోయాడు. వడ్రంగి అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. రేపు పొద్దున్నే వచ్చి సరిచేస్తాను. ఇవాళ్టికి నేను చూసుకుంటాను."

పొట్టికాలున్న మూలకి జరిగి, బల్ల కిందికి మోకాలు పెట్టి ఎత్తిపట్టాడు. సూపు వచ్చింది, చుక్క తొణకలేదు. చేప వచ్చింది. ఆమె ముల్లు ముల్లూ తీసుకుంటూ తీరిగ్గా తింది. చేప అయ్యేసరికి వడ్రంగి నుదుట చెమట పట్టింది. మిఠాయి దగ్గరికొచ్చేసరికి తొడ వణకడం మొదలైంది. పైకి మాత్రం కిక్కురుమనలేదు. ఆమెకు అంతా తెలుస్తూనే ఉంది. కాఫీ కూడా తాగింది.

"ఇంకేమైనా కావాలా అక్కయ్యా?" అన్నాడు హోటలాయన.

ఆమె మొగుడి ముఖంలోకి చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంకో కాఫీ. తొందరేం లేదు తమ్ముడూ, నిదానంగా తీసుకురా."